కణద్వార రహస్యము

చెప్పులు లేక నడచుచున్న బాలుని అరికాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నది. "అమ్మా!" అని అరచులోపలనే అతని కాలు పైకి లేచినది. ముల్లు గ్రుచ్చుకొనుటకును కాలు లేచుటకును నడుమ రెప్పపాటు కాలము పట్టినదో లేదో! ఆ స్వల్పకాలములోనే అరికాలినుండి వార్త వెన్నుపామునకు పోయినది. అచటినుండి ఉత్తరువు మరల కాలికి వచ్చినది. ఇంత వేగముగా ఆ వార్తను మోసినది ఏది?

నాడులలో సాగు విద్యుత్తే ఆ వార్తను మోసినది. ఇండ్లలో దీపములను వెలిగించు విద్యుత్తు రాగితీగలలో ప్రవహించును. శరీరములో రాగితీగలు లేవు. నీరు, లవణములు, మెత్తని పొరలు మాత్రమే కలవు. ఈ సామగ్రితోనే ప్రకృతి ఒక తంతి ఏర్పాటును నిర్మించినది. ఆ ఏర్పాటులోని ఒక చిన్న ద్వారము ఎట్లుండునో కన్నులార చూడగోరి, ఒక ప్రయోగశాలలో కష్టపడిన కొందరి కథ యిది.

శరీరము కోట్లకొలది జీవకణములతో నిర్మితమైనది. ఒక్కొక్క కణము ఒక్కొక్క చిన్న కోట వంటిది. ఆ కోటకు ప్రాకారము క్రొవ్వుపదార్థముతో ఏర్పడిన పలుచని పొర. అట్టి పొరలను ఇరువది లక్షలు ఒకదానిపై నొకటి పేర్చినను సుమారు ఒక సెంటీమీటరు మందము మాత్రమే అగును. ఇంత పలుచనిదైనను ఆ ప్రాకారము దుర్భేద్యమైనది. నూనెయు నీరును కలియవని వంటయింటిలో మెలగు ప్రతివారికిని తెలియును. అందుచేతనే నీటిలో కరగిన లవణములు ఈ క్రొవ్వుపొరను దాటి పోజాలవు.

లవణములు నీటిలో కరగినపుడు విద్యుదావేశము గల సూక్ష్మకణములుగా విడిపోవును. వీనికి అయానులని పేరు. జీవకణము లోపల పొటాసియము అయానులు మెండు. వెలుపల సోడియము అయానులు మెండు. పొటాసియము వెలుపలికంటె లోపల సుమారు ముప్పది రెట్లు అధికముగా నుండును. నాడిలో వార్త పయనించునపుడు మొదట సోడియము అయానులు లోనికి చొచ్చుకొని వచ్చును. వెంటనే పొటాసియము అయానులు వెలుపలికి పోవును. ఈ రాకపోకలు ఒక చోటినుండి మరియొక చోటికి అలవలె వ్యాపించి నాడి పొడవునను సాగును. అదియే నాడులలోని విద్యుత్తు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు స్క్విడ్ అను సముద్రజంతువు యొక్క లావైన నాడిపై ప్రయోగములు చేసి, 1952లో ఈ విషయమును వివరించిరి. 1963లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

ప్రాకారము దుర్భేద్యమైనచో అయానులు ఎట్లు రాకపోకలు సాగించును? దానికి ద్వారములు ఉండవలెను గదా! ఉన్నవి. అవి ప్రోటీనులు, అనగా మాంసకృత్తులు. కోటగోడలో సింహద్వారము ఇమిడియున్నట్లు ఈ ప్రోటీనులు కణపొరయందు ఇమిడి, నడుమ సన్నని నాళము కలిగియుండును. పొటాసియమునకు ఒక విధమైన ద్వారము, సోడియమునకు మరియొక విధమైన ద్వారము కలవు.

పొటాసియపు ద్వారమును గూర్చి శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించిన చిక్కు ఒకటి కలదు. ఆ ద్వారము తెరచియున్నపుడు సెకండునకు పది కోట్ల వరకు పొటాసియము అయానులు దానిగుండా దూసికొని పోగలవు. పదివేల పొటాసియము అయానులు పోవునంతలో ఒక్క సోడియము అయాను దాటుట కూడ అరుదు. అయినను సోడియము అయాను పొటాసియము అయానుకంటె చిన్నది! జల్లెడ పట్టినపుడు చిన్న గింజలు జారిపోయి పెద్దవి నిలిచియుండును. ఇచట పెద్దది పోవుచున్నది, చిన్నది నిలిచిపోవుచున్నది. ద్వారపాలకుడు ప్రతివానిని ఆపి పరీక్షించినచో రద్దీ ఏర్పడవలెను. ఇచట పరీక్షయు జరుగుచున్నది, వేగమును తగ్గుట లేదు. ఇది ఎట్లు సాధ్యము?

ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్న ప్రయోగశాలకు పెద్ద రోడెరిక్ మెకిన్నన్. ఆయన 1956వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, బాస్టన్ నగరమునకు సమీపమున గల బర్లింగ్టన్ అను ఊరిలో జన్మించెను. తండ్రి మొదట తపాలా ఉద్యోగి. పిదప కంప్యూటరు పని నేర్చుకొనెను. ఏడుగురు బిడ్డలు గల సంసారము. బాలుడైన రోడెరిక్‌కు ఒకప్పుడు సూక్ష్మదర్శిని చేతికందినది. అంతట చెరువునీటి బిందువు, ఆకు, గడ్డిపోచ, కంటబడిన ప్రతి వస్తువును దానిక్రింద పెట్టి చూచుటయే అతనికి ఆటయయ్యెను.

బ్రాండైస్ విశ్వవిద్యాలయములో చదువుచుండగా ఆయన క్రిస్టఫర్ మిల్లర్ అను యువ ఆచార్యునివద్ద కణపొరలను గూర్చిన ప్రయోగములు చేసెను. పిమ్మట ఆయనకు భార్యయైన ఆలిస్ లీతో పరిచయము కూడ విద్యార్థిదశలోనే కలిగెను. 1978లో పట్టము పుచ్చుకొని, మెకిన్నన్ వైద్యవిద్యలో ప్రవేశించెను. 1982లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయమునుండి వైద్యుడై వెలువడి, బాస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రోగులకు చికిత్స చేయుచు శిక్షణ పొందెను.

వైద్యవృత్తి గౌరవమైనది, జీవనమునకు లోటు లేనిది. కాని ప్రయోగశాలలో గడపిన దినములను ఆయన మనస్సు మరువలేదు. ముప్పదియవ యేట, తోడివారందరు తమతమ వృత్తులలో కుదురుకొనుచున్న సమయమున, ఆయన వైద్యమును విడచి 1986లో మరల మిల్లర్ వద్దకు వచ్చి శిష్యుడుగా చేరెను. చేతికందిన వృత్తిని వదలుట తెలివియా, తెలివితక్కువయా అని ఆనాడు ఎవరును చెప్పజాలకుండిరి.

మిల్లర్ ప్రయోగశాలలో పరిశోధనకు సాధనమైనది తేలు విషము. ఒక జాతి తేలు విషములోని చిన్న ప్రోటీను పొటాసియపు ద్వారము వెలుపలి ముఖమునకు సీసా బిరడావలె బిగిసికొనును. ద్వారమునందు ఏ భాగమును మార్చినచో బిరడా వదులగునో కనుగొనినయెడల, ఆ భాగము ద్వారము నోటియొద్ద ఉన్నదని ఊహింపవచ్చును. చీకటిగదిలోని వస్తువును తడిమి రూపము తెలిసికొనుట వంటి ఉపాయమిది.

ద్వారములోని భాగములను మార్చుటకు దాని నిర్మాణమునకు మూలమైన జన్యువు తెలిసియుండవలెను. ఆ సహాయము ఒక యీగనుండి వచ్చినది. మ్రగ్గిన పండ్లపై ముసురు చిన్న ఈగలలో, మత్తుమందు ఇచ్చినపుడు కాళ్ళు వణకించు జాతి యొకటి కలదు. దాని వణకునకు కారణము పొటాసియపు ద్వారములోని లోపమే. 1987లో కాలిఫోర్నియాలో దంపతులైన లిలీ జాన్, యూనంగ్ జాన్ అను శాస్త్రజ్ఞుల బృందము ఆ జన్యువును వేరుచేసినవారిలో ఒకటి. ఈ విధముగా ఈగనుండి జన్యువును, తేలునుండి విషమును గ్రహించి, మెకిన్నన్ పనిని సాగించెను.

1989లో ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయములో ఆచార్యపదవిని పొంది, తన సొంత ప్రయోగశాలను నెలకొల్పెను. ఒకే విధమైన నాలుగు ప్రోటీను భాగములు గుండ్రముగా చేరి ఒక్క ద్వారముగా ఏర్పడునని 1991లో నిరూపించెను. ప్రోటీనులు ఆమైనో ఆమ్లములను పూసలు గ్రుచ్చినట్లుగా చేరిన గొలుసులు. పొటాసియపు ద్వారములన్నిటియందును ఒక చిన్న పూసల వరుస మారక కనిపించుచుండెను. ఆ వరుసయే పొటాసియమును గుర్తించుచున్నదని ఆయనయు, ఆయన అనుచరులును తేల్చిరి. కీర్తి వచ్చినది. ప్రయోగశాల నిండుగా నున్నది. కాని అసలు ప్రశ్న అట్లే నిలిచియుండెను. ఆ వరుస పొటాసియమును ఎట్లు గుర్తించుచున్నది? తడిమి తెలిసికొనదగినదంతయు తెలిసినది. ఇక దీపము వెలిగించి చూచుటయే మిగిలినది.

ప్రోటీనులవంటి అతిసూక్ష్మ పదార్థములను చూచుటకు సూక్ష్మదర్శిని చాలదు. దానికి వేరొక మార్గము కలదు. కలకండ చేయువారు చిక్కని పానకములో దారము వ్రేలాడదీసి కదల్పక ఉంచుదురు. కొన్ని దినములకు చక్కెర అణువులు బారులు తీర్చి, పలకలు దేరిన స్ఫటికములుగా ఆ దారమునకు పట్టుకొనును. అట్లే ప్రోటీను అణువులను కూడ బారులు తీర్చి స్ఫటికముగా చేసి, దానిపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసినచో, ఆ కిరణములు అనేక దిక్కులకు చెదరి చుక్కల చిత్రమును ఏర్పరచును. ఆ చుక్కలను గణితముతో పరిష్కరించి, అణువులోని పరమాణువుల స్థానములను నిర్ణయింపవచ్చును.

నీటిలో కరగు ప్రోటీనులకు ఈ పద్ధతి చక్కగా పనిచేయును. కణపొరలోని ప్రోటీనులు మాత్రము మిక్కిలి మొండివి. వాని నడుము క్రొవ్వును కోరును. తలయు, పాదములును నీటిని కోరును. పొరనుండి వెలికితీసి నీటిలో వేసినచో అవి ముద్దకట్టి పాడగును. కుంకుడురసము తలలోని నూనెను చుట్టుకొని నీటిలోనికి తెచ్చునట్లు, సబ్బువంటి పదార్థములతో ఆ ప్రోటీనుల నడుములను చుట్టి, నీటిలోనికి తేవలెను. అట్లు చుట్టిన ప్రోటీనులు బారులు తీరుట మరియు కష్టము. జర్మనీదేశములో మ్యూనిక్ నగరమునకు చేరువనున్న మార్టిన్స్‌రీడ్‌లో హార్ట్‌మూట్ మిషెల్, యోహాన్ డైసెన్‌హోఫర్, రాబర్ట్ హూబర్ మొదలగువారు అట్టి ప్రోటీనులలో ఒకదాని రూపమును 1985లో పూర్తిగా వెల్లడించి, 1988లో నోబెల్ బహుమానమును పొందిరి. అట్లయినను అయానుల ద్వారములను మాత్రము ఎవరును చూడలేదు.

మెకిన్నన్‌కు స్ఫటికవిద్య రాదు. ఆయన విద్యుత్తును కొలుచుటలో ఆరితేరినవాడు. ప్రోటీనులను శుద్ధిచేయుట యందును, ఎక్స్-కిరణముల గణితమందును అక్షరాభ్యాసము చేయవలసినవాడు. నలుబదియేండ్ల వయస్సు సమీపించుచుండగా, ఆచార్యుడైన ఆయన పుస్తకములు ముందుంచుకొని మరల పాఠములు మొదలుపెట్టెను. ఏండ్ల తరబడి కష్టపడినను స్ఫటికము లభింపకపోవచ్చును. లభింపనిచో ప్రకటించుటకు ఏమియు ఉండదు. అంతవరకు సంపాదించిన పేరు కూడ మాసిపోవును. హార్వర్డులో ఆయనవద్ద పనిచేయుచుండినవారిలో పలువురు ఈ మార్గమున అడుగుపెట్టుటకు ఇష్టపడలేదు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. వారికి ముందు తమ బ్రతుకులను దిద్దుకొనవలసిన అవసరముండెను.

1996లో ఆయన హార్వర్డును విడచి, న్యూయార్కు నగరములో ఈస్ట్ నదియొడ్డున గల రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునకు తరలిపోయెను. క్రొత్త ప్రయోగశాల విశాలమైనది. పనిచేయువారు మాత్రము బహు కొలది. డెక్లాన్ డాయిల్ అను యువశాస్త్రజ్ఞుడు ఆయనకు తోడయ్యెను. ఆలిస్ లీ రసాయనశాస్త్రమును అభ్యసించిన విదుషి. భర్త పట్టుదలను కనిపెట్టిన ఆమెయు ఆ ప్రయోగశాలలోనే చేరి, పనిలో పాలుపంచుకొనెను. పోర్చుగలు దేశీయుడైన జొవావ్ మొరాయిస్ కబ్రాల్, రిచర్డ్ ఫూట్జ్‌నర్, ఆన్లింగ్ కువో క్రమముగా ఆ చిన్న కుటుంబములో సభ్యులైరి. స్ఫటికవిద్యలో నేర్పు గల జాక్విలిన్ గుల్బిస్ చేయూతనిచ్చెను. అణువుల బరువును సూక్ష్మముగా కొలుచుటలో నిపుణులైన బ్రయన్ చైట్, స్టీవెన్ కోహెన్ అను వారు అదే విశ్వవిద్యాలయమున నుండిరి; వారును సహాయపడిరి.

ఈగ ద్వారమునుగాని, మానవుని ద్వారమునుగాని స్ఫటికమునకు కావలసినంత రాశిగా సంపాదించుట ఆనాడు అసాధ్యముగా నుండెను. ఆ సమయమున దారి చూపినది నేలలోని ఒక సూక్ష్మజీవి. తొలకరివాన పడినపుడు మట్టినుండి కమ్మని వాసన వచ్చును గదా! ఆ వాసనకు కారణమైన సూక్ష్మజీవుల కుటుంబములోనిదే అదియు. దాని పేరు స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్. దానియందు కూడ పొటాసియపు ద్వారమొకటి కలదని జర్మనీలోని శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిరి. ఈగయందును, మానవునియందును కానవచ్చు పూసల వరుసయే దీనియందును కలదు! ఇది చిన్నది, ఒక్కొక్క భాగమున నూటయరువది పూసలే.

అట్టి ప్రయోగశాలలో దినచర్య ఎట్లుండునో తెలిసికొనదగినది. ఒకరు సూక్ష్మజీవులను పెద్ద గాజుకుప్పెలలో పెంచుదురు. కావలసిన జన్యువును ముందుగనే వానిలో ప్రవేశపెట్టుటచే, అవి పెరుగుచు ఆ ప్రోటీనును తయారుచేయుచుండును. మరియొకరు ఆ సూక్ష్మజీవులను చిదిపి, సబ్బువంటి పదార్థముతో ప్రోటీనును పొరనుండి విడదీయుదురు. వేరొకరు దానిని వడపోసి, మలినములను తొలగింతురు. కుప్పెలకొలది ద్రవమునుండి తుదకు లభించునది చెంచాకు కూడ చాలదు. ఆ విలువైన ద్రవమును చిన్నచిన్న బిందువులుగా చేసి, ఒక్కొక్క బిందువునకు ఒక్కొక్క లవణమును ఒక్కొక్క పాళ్ళలో కలిపి, మూతపెట్టి, కదల్పక ఉంచుదురు. ప్రతిదినము వానిని సూక్ష్మదర్శినితో పరిశీలించుట ఒక వ్రతము. ఒక బిందువులో బురద కనిపించును. మరియొకదానిలో ఏమియు కనిపింపదు. మెరయుచున్నదేదో కనిపించి గుండె దడదడలాడును. చూడగా అది ఉప్పురవ్వ! ఆ వ్రతములో ఆచార్యుడని శిష్యుడని భేదము లేదు. ఎవరి బిందువులో స్ఫటికము పుట్టినను అది అందరిదియు.

ఆ ప్రోటీను తోక స్ఫటికము ఏర్పడుటకు అనుకూలముగా లేనందున, ఆహారమును జీర్ణముచేయు రసములోనిదైన ఒక ప్రోటీనుతో వారు ఆ తోకను కత్తిరించిరి. సరిగా కత్తిరింపబడినదో లేదో తెలిసికొనుటకు అణువుల బరువు తూచువారి నేర్పు ఉపకరించెను. స్ఫటికములను గడ్డకట్టునంత చలిలో భద్రపరచి, ఇథాకా పట్టణములోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు కొనిపోయిరి. అచట ఎలక్ట్రానులు ఇంచుమించు కాంతివేగముతో వలయాకారమున తిరుగుచు, తీవ్రమైన ఎక్స్-కిరణములను వెలువరించు గొప్ప యంత్రము కలదు. ఆ యంత్రమువద్ద సమయము లభించుటయే కష్టము. లభించిన గడియలలో రాత్రియని పగలని చూడక, ఒక్కొక్క స్ఫటికమును కిరణముల ఎదుట నిలిపి, చుక్కల చిత్రములను సేకరింపవలెను.

తుదకు ద్వారము కనబడెను. 1998వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన "సైన్స్" అను పత్రికలో దాని రూపము ప్రకటింపబడెను. ఆ వ్యాసమునకు కర్తలు ఎనమండుగురు. మొదటి పేరు డెక్లాన్ డాయిల్‌ది. చివరి పేరు మెకిన్నన్‌ది. సూక్ష్మజీవి ద్వారమును చూచి పెద్ద జంతువుల ద్వారమును గూర్చి చెప్పవచ్చునా అని సందేహించువారికి సమాధానము ఆ సంచికలోనే మరియొక వ్యాసముగా వెలువడెను. తేలు విషపు బిరడా సూక్ష్మజీవి ద్వారమునకు కూడ చక్కగా బిగియుచున్నదని ఆ వ్యాసము నిరూపించెను. దాని కర్తలలో ఆలిస్ లీ ఒకరు.

ఆ ద్వారము ఎట్లున్నది? నాలుగు భాగములు చేరి, తలక్రిందులుగా నిలిపిన గుడారమువలె నున్నది. నడుమ నీటితో నిండిన చిన్న కుహరము. దానిపై సన్నని ఇరుకు మార్గము. ఆ ఇరుకుమార్గము పొడవు పండ్రెండు ఆంగ్‌స్ట్రాములు మాత్రమే. సెంటీమీటరును పదికోట్ల భాగములు చేయగా ఒక భాగమునకు ఆంగ్‌స్ట్రాము అని పేరు. ఆ ఇరుకుమార్గమునందే చిక్కుముడి విడిపోయెను.

నీటిలో నున్న అయాను ఏకాకిగా నుండదు. పెండ్లికొడుకు చుట్టును బంధువులు చేరినట్లు నీటి అణువులు దానిని చుట్టుకొని, తమ ఆక్సిజను పరమాణువులతో తాకుచుండును. ఇరుకుమార్గములోనికి పోవలెనన్నచో అయాను ఆ బంధువులను వెలుపలనే విడువవలెను. అది సులభముగా జరుగు పని కాదు. కాని ఆ మార్గముయొక్క గోడలనుండి ప్రోటీనుయొక్క ఆక్సిజను పరమాణువులు లోనికి చేతులు చాచియున్నవి. పొటాసియమునకు నీటి అణువులు ఎంత దూరములో ఉండునో, సరిగా అంత దూరములోనే ఆ చేతులును ఉన్నవి. కావున పొటాసియము ఒక చుట్టరికమును విడచి, అట్టి మరియొక చుట్టరికములోనికి పోవుచున్నది. దానికి నష్టమేమియు లేదు. సోడియము చిన్నది. ఆ చేతులు దానికి అందవు. అవి దగ్గరకు జరుగజాలవు. అందుచే సోడియము నీటి చుట్టరికమునే వదలక వెలుపలనే నిలిచిపోవుచున్నది. చిన్నవాడగుటయే వానికి అడ్డంకియైనది!

మరి వేగమెట్లు కలిగినది? ఆ మార్గములో పొటాసియము అయానులు ఒకదాని వెనుక నొకటి నిలిచియుండుట స్ఫటికచిత్రములో కనబడెను. సమానమైన ఆవేశము గలవి ఒకదానినొకటి త్రోయును గదా! వెనుకనుండి ఒకటి ప్రవేశించినంతనే ముందున్నది వెలుపలికి దూకును. అందుచేత ఏదియు చేతులలో చిక్కుకొని నిలిచిపోదు. పొటాసియము అయానులు బారుతీరి దాటుచుండవలెనని హాడ్జ్‌కిన్, కీన్స్ అను శాస్త్రజ్ఞులు 1955లోనే ప్రయోగములచే ఊహించియుండిరి. కంటితో చూడకయే వారు ఊహించినది నలుబదిమూడేండ్లకు సత్యమని తేలెను. 2001లో అదే ప్రయోగశాలవారు మరింత స్పష్టమైన చిత్రమును సాధించి, అయానులను వాని నడుమనున్న నీటిని కూడ చూపగలిగిరి.

2003లో రసాయనశాస్త్రమునందు నోబెల్ బహుమానము మెకిన్నన్‌కును, కణములలో నీటి ద్వారములను కనుగొన్న పీటర్ ఆగ్రేకును కలిపి ఇయ్యబడెను. ఇరువురును వైద్యవిద్య నేర్చి పరిశోధనకు మరలినవారే. ఆసుపత్రిని విడచిన మెకిన్నన్ రోగులను విడువలేదనియే చెప్పవలెను. గుండె క్రమముగా కొట్టుకొనుటకు పొటాసియపు ద్వారములు అవసరము. వానిలో లోపముతో పుట్టినవారికి గుండె లయ తప్పును. వేరొక వ్యాధికై ఇచ్చిన మందు కూడ గుండెలోని ఆ ద్వారమును మూసివైచి ప్రాణాపాయము కలిగింపవచ్చును. కావున క్రొత్తమందులు అట్టి హాని చేయునో లేదో ముందుగనే పరీక్షించు ఆచారము ఏర్పడినది. ద్వారము రూపము తెలిసిన తరువాత ఆ పరీక్షల ఫలితములను అర్థము చేసికొనుట సులువైనది.

విజ్ఞానము ఒక చోట ఆగునది కాదు. అతిశీతల స్థితిలో గడ్డకట్టించిన అణువులను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చిత్రించు పద్ధతికి 2017లో నోబెల్ బహుమానము లభించెను. ఆ పద్ధతివలన నేడు పెక్కు పొరప్రోటీనులను స్ఫటికములు లేకయే చూడవచ్చుచున్నది. బిందువులను కాచుకొని కూర్చుండు వ్రతము చాలచోట్ల తగ్గినది. కాని ప్రోటీనును పొరనుండి చెడకుండ వెలికితీయు ఓర్పు, చేతినేర్పు నేటికిని అవసరమే. ఆ పని చేయువారు అన్ని దేశములలోను కలరు. వారిలో చాలమంది పేర్లు వార్తాపత్రికలకు ఎక్కవు.

ఈ కథయందు గమనింపదగిన విషయములు రెండు. తెలియనిదానిని నేర్చుకొనుటకు మెకిన్నన్ రెండుమారులు మరల విద్యార్థి అయ్యెను. ముప్పదియవ యేట వైద్యుని పీఠమును, నలుబదియవ యేటికి చేరువగా ఆచార్యుని పీఠమును దిగి వచ్చెను. దిగివచ్చుటకు సిగ్గుపడియుండినచో ద్వారము ఆయనకు కనబడకపోయెడిది. ఇక రెండవది: ఆయన ఒక్కడే చూచినది కాదు. ఈగ జన్యువును వేరుచేసినవారు, నేలలోని సూక్ష్మజీవిని పరిశీలించినవారు, కుప్పెలు కడిగినవారు, రాత్రులు మేల్కొని చుక్కలను లెక్కించినవారు, అందరును కలిసి చూచినది అది. పదునైన బుద్ధులు ఒకదాని వెనుక నొకటి చేరి ముందున్నదానిని త్రోసినపుడే ఇరుకుదారి దాటుట సాధ్యమగునని ఆ అయానులే చెప్పుచున్నవి.

ముల్లు గ్రుచ్చుకొన్న బాలుడు ముల్లు తీసివైచి, మరల ఆటకు పరుగెత్తును. ఆ క్షణమున అతని నాడులలో కోట్లకొలది ద్వారములు తెరచుకొని మూసికొన్నవని అతనికి తెలియదు. తెలియకున్నను అవి పనిచేయుచునే యుండును. తెలిసికొనవలెనని కోరిక పుట్టినవాడు మాత్రము, ఆ బర్లింగ్టన్ బాలునివలె, చెరువునీటి బిందువుతో ప్రారంభింపవచ్చును.

ప్రశ్నలు

1. కణపొరను కోటగోడతో పోల్చుటకు కారణమేమి? ఆ పోలిక ఎంతవరకు సరిపోవును?

2. పొటాసియపు ద్వారము విషయమున శాస్త్రజ్ఞులను వేధించిన చిక్కు ఎట్టిది? అది ఎట్లు విడిపోయెను?

3. తేలు, ఈగ, నేలలోని సూక్ష్మజీవి ఈ పరిశోధనకు ఎట్లు తోడ్పడినవి?

4. మెకిన్నన్ రెండుమారులు మరల విద్యార్థి అయ్యెననుటకు నిదర్శనములు చూపుము.

5. హార్వర్డులో మెకిన్నన్‌ను అనుసరింపనివారిని తప్పుపట్టవచ్చునా? నీ అభిప్రాయమును కారణములతో వ్రాయుము.